ఒక్క రోజు వాళ్ల చేతికివ్వండి

మే నెల, మధ్యాహ్నం రెండు గంటలు. మా చిన్నోడు పేవ్‌మెంటు మీద కూలబడి ఇక కదలనన్నాడు. ఎండకు మొహం కందిపోయింది. పెద్దది కాస్త నీడ ఎక్కడుందా అని చూస్తూ మాటా పలుకూ లేకుండా నిలబడింది. పొద్దున్నుంచి అప్పటికే రెండు చోట్లు తిరిగాం. మూడో చోటికి చేరేసరికి గేటుకు తాళం, పక్కన వారపు సెలవని బోర్డు. నా చేతిలోని కాగితం మీద ఇంకా రెండు పేర్లు మిగిలున్నాయి. "ఇంకొక్కటి చూసి ఇంటికెళ్దాం నాన్నా" అన్నాను బతిమాలుతూ. "నేను అడిగానా అసలు? నువ్వేగా తీసుకొచ్చావు!" అన్నాడు ఏడేళ్లవాడు.

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. వాడన్నదాంట్లో తప్పేమీ లేదు. జాబితా నాది, వరస నాది, బయల్దేరే వేళ నాది. వేసుకునే చొక్కా కూడా నేనే తీసి మంచం మీద పెట్టాను. వాళ్ల వంతుకు మిగిలింది నడవడం ఒక్కటే.

బడి ఉన్నన్నాళ్లూ గంట కొడితే కూర్చోవాలి, గంట కొడితే లేవాలి. సాయంత్రం ట్యూషన్, రాత్రి హోంవర్క్. నాలుగో తరగతి పిల్లాడు రోజు మొత్తం మీద తనంతట తాను తేల్చుకునే విషయాలు ఎన్ని ఉంటాయో ఒకసారి లెక్కేసి చూడండి. మా ఇంట్లో నేను లెక్కేస్తే రెండు మూడు కూడా తేలలేదు. ఏప్రిల్ చివర్లో బడి మూశాక జూన్ రెండో వారం దాకా దొరికే ఆ నలభై అయిదు, యాభై రోజులే వాళ్లకున్న ఖాళీ. దాన్నీ మనమే నింపేస్తున్నాం, ప్రేమతోనే.

అందుకని మరుసటి వేసవిలో పద్ధతి మార్చాం. పొద్దున్నుంచి రాత్రి దాకా ఒక రోజు పూర్తిగా పిల్లల చేతికిచ్చాం. ప్లాన్ వాళ్లది, డబ్బు వాళ్ల దగ్గర, దారి చూపేది వాళ్లు. నేను, మావారు, మా అమ్మ వాళ్ల వెంట నడిచాం. నిర్ణయం తీసుకోవడం, దాని ఫలితాన్ని మోయడం ఏ పుస్తకం చదివినా వచ్చే విద్య కాదని ఆ ఒక్క రోజులో నాకు గట్టిగా అర్థమైంది. పిల్లలకు అది నేర్పడానికి ఊళ్లో ఒక రోజు తిరుగుడు చాలు. ఎలాగో చెబుతాను. మాది హైదరాబాద్ కాబట్టి ఉదాహరణలన్నీ ఇక్కడివే.

ముందు రోజు రాత్రి

"రేపు ఎక్కడికెళ్దాం?" అని అడగకండి. అంత పెద్ద ప్రశ్న పిల్లల ముందు పెడితే వాళ్లకు తెలిసిన ఒకే ఒక్క చోటు చెబుతారు, అది మాల్. అందులో వాళ్ల తప్పు లేదు. ఊళ్లో ఇంకేమున్నాయో మనం చెప్పలేదు మరి. అలాగని "మ్యూజియానికి వెళ్తున్నాం, తయారవండి" అంటే మళ్లీ పాత కథే. ఈ రెండింటి నడుమ దారి ఒకటుంది. మనం అయిదు చోట్లు ఎంచి పెట్టాలి, వాళ్లు అందులోంచి రెండు తీసుకోవాలి.

మేం అయిదు చీటీలు రాశాం. ప్రతి చీటీ మీదా ఒకే ఒక్క వాక్యం. "చారిత్రక ప్రాధాన్యం గల కట్టడం" లాంటి మాటలు రాస్తే ఏ పిల్లాడూ కదలడు. కళ్లకు కట్టేలా రాయాలి. గోల్కొండ: కింద గేటు దగ్గర చప్పట్లు కొడితే కొండ మీద బాలాహిసార్ దాకా వినిపిస్తుంది. పబ్లిక్ గార్డెన్స్‌లోని స్టేట్ మ్యూజియం: ఈజిప్టు నుంచి వచ్చిన నిజమైన మమ్మీ ఉంది. సాలార్‌జంగ్ మ్యూజియం: గడియారంలోంచి ఒక చిన్న మనిషి బయటికొచ్చి గంటలు కొడతాడు. బిర్లా సైన్స్ సెంటర్: తెలంగాణ మట్టిలో దొరికిన డైనోసార్, పట్టపగలు నక్షత్రాలు. జూపార్కు: 380 ఎకరాలు, అందులో సింహాల సఫారీ.

తర్వాత నేను నోరు మూసుకుని కూర్చున్నాను. అన్నింట్లోకీ కష్టమైన పని అదే. చీటీలు నేల మీద పరుచుకుని అక్కాతమ్ముళ్లు ముప్పావు గంట వాదులాడుకున్నారు. ఒకసారి కన్నీళ్లు కూడా అయ్యాయి. మధ్యలో దూరి "సరే, ఇది తీసుకోండి" అనబుద్ధేసింది, ఆగాను. చిన్నోడికి గోల్కొండ కావాలి. వద్దని చెప్పకుండా ఒక్క ప్రశ్న వేశాను: "మధ్యాహ్నం అక్కడ నీడ ఎక్కడుంటుంది?" పెద్దది ఫొటోలు వెతికి చూసింది. మెట్లన్నీ ఆరుబయటే. "అమ్మమ్మ కూడా వస్తోంది కదరా, ఇది దసరా సెలవులకు పెట్టుకుందాం" అని తమ్ముడిని తనే ఒప్పించింది. నేను చెప్పుంటే వాడు వినేవాడే కాదు.

చివరికి తేలినవి రెండు: పొద్దున సాలార్‌జంగ్, మధ్యాహ్నం తర్వాత బిర్లా సైన్స్ సెంటర్. రెండే. మూడోది కావాలని ఎవరెంత గింజుకున్నా ఒప్పుకోకండి. పిల్లలతో వెళ్లే రోజుకు రెండు చోట్లే నిండు, సాయంత్రానికి గాలి పీల్చుకోవడానికి ఒక గట్టు. అంతకుమించితే ఏదీ మనసుకు పట్టదు.

ఇక సెలవుల సంగతి. సాలార్‌జంగ్‌కు శుక్రవారం సెలవు, జూపార్కుకు సోమవారం. ఈ ఆరా పెద్దవాళ్లం తీసిపెట్టకూడదు. వేళలు, టికెట్లు, షో టైములు పదకొండేళ్ల పిల్ల ఫోన్‌లో చూసి రాసుకోగలదు. ఫోన్ చేసి "అండీ, రేపు తెలుగు షో ఎన్నింటికండీ?" అని అడగనూగలదు. మాది మొదటిసారి అడగడానికి సిగ్గుపడి ఫోన్ నా చేతికిచ్చింది. తిరిగి దాని చేతికే ఇచ్చాను. అవతలివాళ్లు మర్యాదగా జవాబు చెప్పారు. ఫోన్ పెట్టేశాక దాని మొహం చూడాల్సింది.

పనులు పంచడం కూడా ఆ రాత్రే. డబ్బు పెద్దదానిది: కవరులో రెండు వేలు, ఒక చిన్న నోట్‌బుక్. గడియారం, నీళ్ల సీసాలు చిన్నోడివి. ఏ వేళకు ఎక్కడ ఉండాలో చెప్పేది వాడే. అమ్మమ్మ చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించడం ఇద్దరూ వంతులేసుకున్నారు. ఒక మాట మాత్రం ముందే ఖాయం చేసుకోండి. భోజనం, మందులు, అవసరమైతే ఇంటికి చేర్చే ఆటో, ఈ ఖర్చులు కవరులోవి కావు. వాటి భారం పెద్దలదే. మిగతాదంతా కవరులోంచే పోవాలి, కవరు ఖాళీ అయితే అయినట్టే.

ఎండ చెప్పినట్టు వినాలి

ఇది మాత్రం పిల్లలు తేల్చేది కాదు. మన వేసవిలో రోజుకు అసలు యజమాని సూర్యుడు. తొమ్మిదిలోపు ఆరుబయట, పదకొండు నుంచి నాలుగు దాకా కప్పు కింద, అయిదు దాటాక నీళ్ల ఒడ్డున. ఈ మూడు ముక్కల్లోనే ఏ ప్లానైనా ఇమడాలి. రోహిణీ కార్తె వచ్చాక ఇంకా గట్టిగా పాటించాలి. పార్కు కావాలంటే ఆరింటికే లేచి పబ్లిక్ గార్డెన్స్‌కో కేబీఆర్ పార్కుకో వెళ్లి, ఎండ ముదరకముందే చెట్ల కింద నుంచి బయటపడాలి. కేబీఆర్‌లో పొద్దున్నే నెమళ్లు కూస్తాయి. ఎండెక్కాక వెళితే ఆ కూతలూ ఉండవు, ఆ హాయీ ఉండదు.

సంచిలో ఏముండాలో మా అమ్మ చెప్పింది, నేను మార్చలేదు. స్టీలు సీసాలో ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ, మనిషికో నీళ్ల సీసా, తడిపి పిండుకునే నూలు తువ్వాలు, టోపీలు, రెండు ఓఆర్‌ఎస్ పొట్లాలు. ఓఆర్‌ఎస్ పెద్ద పొట్లమైతే లీటరు నీళ్లకు కలపాలి, పొట్లం మీద రాసిన కొలత తప్పకూడదు. అది దొరక్కపోతే లీటరు నీళ్లలో అర చెంచా ఉప్పు, ఆరు చెంచాల పంచదార. చిన్న చెంచాతో, గీసినట్టు సమంగా కొలవాలి. ఉప్పు ఎక్కువైతే పిల్లలకు ప్రమాదం. దాహమేస్తే తాగుతారులే అని వదిలేయకండి, ఆటలో పడ్డ పిల్లలకు దాహం తెలియదు. చిన్నోడికి గడియారం ఇచ్చింది అందుకే. అరగంటకోసారి వాడే "అందరూ తాగండి!" అని అరిచేవాడు. నిన్నటిదాకా నీళ్లు తాగమని నేను వెంటపడాల్సిన పిల్లాడు!

తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతి, గంటల తరబడి ఒంటికి పోకపోవడం కనిపిస్తే ప్లాన్ అక్కడితో ఆపేసి నీడకు చేర్చండి. బట్టలు వదులు చేసి, ఒళ్లంతా తడి గుడ్డతో తుడుస్తూ గాలి విసరండి. ఒళ్లు కాలిపోతూ మాట తడబడినా, మగతలోకి జారుతున్నా అది వడదెబ్బ. ఒక్క నిమిషం ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయండి. టికెట్లు కొన్నాం కదా అనే ఆలోచనే రానివ్వకండి.

పన్నెండు కొట్టే వేళ

సాలార్‌జంగ్ పదింటికి తెరుస్తారు. ముప్పైకి పైగా గ్యాలరీలున్నాయి. అన్నీ చూడాలని బయల్దేరితే పదకొండుకల్లా పిల్లలు కాళ్లు పీకుతున్నాయంటారు. మా వాళ్లు మూడే ఎంచుకున్నారు: గడియారం, మేలిముసుగు రెబెక్కా, ఆయుధాలు. మిగతావి చూడకుండా వదిలేయడం నాకు కష్టంగానే అనిపించింది. ఇంత దూరం వచ్చి, టికెట్ కొని, అటు తొంగి కూడా చూడరా అని మనసు పీకింది. కానీ వదిలేశాం. వదిలేసినవే మళ్లీ రావడానికి సాకు అవుతాయి.

రెబెక్కా దగ్గర చిన్నోడు పావుగంట నిలబడ్డాడు. ఇటలీ శిల్పి బెంజోని చెక్కిన పాలరాతి బొమ్మ అది. మొదటి సాలార్‌జంగ్ 1876లో తెచ్చుకున్నది. మొహం మీద పల్చటి ముసుగు, ముసుగు వెనక కళ్లూ ముక్కూ కనిపిస్తాయి, అంతా ఒకే రాయి. వాడు ఒక పక్కకు వెళ్లి చూశాడు, ఇంకో పక్కకు వెళ్లి చూశాడు, వంగి కింద నుంచి చూశాడు. "అమ్మా, రాయిని చీరలాగా ఎలా కుట్టారు?" అన్నాడు. జవాబు చెప్పబోయి ఆగిపోయాను. నిజానికి నాకూ తెలియదు. "నువ్వేమనుకుంటున్నావు?" అన్నాను. ఇంటికెళ్లేదాకా వాడు దాని గురించి ఏదో ఒకటి చెబుతూనే ఉన్నాడు. సబ్బు మీద చెక్కి చూస్తానన్నాడు, మర్నాడు చెక్కాడు కూడా.

ఇక్కడ తల్లిదండ్రులకు నా మనవి ఒకటి. దయచేసి పాఠం చెప్పకండి. "చూడు, ఇది ఫలానా శతాబ్దానిది, రాసుకో, రేపు అడుగుతా" అనడం మొదలుపెట్టగానే మ్యూజియం కాస్తా బడి అయిపోతుంది. అడిగితే చెప్పండి. అడగకపోతే పక్కన నిలబడి మీరూ చూడండి. మీరు నిజంగా ఆశ్చర్యపోతే వాళ్లకు అది కనబడుతుంది.

గడియారం సంగతి చిన్నోడి ప్రతిభ. గంట గంటకూ బొమ్మ బయటికొస్తుందని తెలిశాక ముందు రాత్రే లెక్కేశాడు: "పదకొండుకు వెళితే పదకొండు సార్లు, పన్నెండుకు వెళితే పన్నెండు. ఒంటిగంటకు వెళితే ఒక్కసారే!" అందుకని రోజు మొత్తాన్ని పన్నెండు చుట్టూ అల్లాడు. పదకొండూ నలభైకే మమ్మల్నందరినీ తోలుకెళ్లి కూర్చోబెట్టాడు. జనం ఒకరొకరుగా చేరుతున్నారు. గడియారం లోపల ఒక చిన్న కమ్మరి బొమ్మ సెకనుకోసారి సుత్తి దెబ్బ వేస్తూనే ఉంది. మూడు నిమిషాలుందనగా చిన్న తలుపు తెరుచుకుని గడ్డం బొమ్మ బయటికొచ్చింది. అంతమంది గుసగుసలూ ఒక్కసారి ఆగిపోయాయి. ఒకటి, రెండు, మూడు... వాడు వేళ్లు మడుస్తూ లెక్కపెట్టాడు, పది దాటాక అమ్మమ్మ వేళ్లు అరువు తీసుకున్నాడు. పన్నెండో దెబ్బ పడగానే నా వైపు తిరిగి చూసిన ఆ చూపు! ఆ గడియారం వాడు ప్లాన్ చేసింది, వాడు చెప్పిన వేళకు కొట్టింది.

ఒక రోజును పిల్లల చేతికివ్వడమంటే ఇదే. ఫొటో తీయాలని నా చెయ్యి ఫోన్ కోసం వెళ్లింది. తీయలేదు. రోజుకు అయిదు ఫొటోలు చాలని ముందు రాత్రే అనుకున్నాం, వాటిని తీసే హక్కు కూడా పిల్లలకే ఇచ్చాం.

మూడువందల యాభై రూపాయల ఫ్యాను

బయటికొచ్చి రోడ్డెక్కగానే పెద్దదాని కళ్లు ఫుట్‌పాత్ మీద అమ్మే ఒక బ్యాటరీ ఫ్యాను మీద పడ్డాయి. మీట నొక్కితే గాలితో పాటు నీటి తుంపర్లు చిమ్ముతుంది. ఎండ మండిపోతోంది, ఫ్యాను ముద్దుగా ఉంది. ధర మూడువందల యాభై. నా వైపు చూసింది. "కవరు నీ దగ్గరుంది, నీ ఇష్టం" అన్నాను. బేరమాడకుండానే కొనేసింది. గంటలోపే అది ఆగిపోయింది. మీట నొక్కినా తిరగలేదు, బ్యాటరీలు తీసి మళ్లీ వేసినా తిరగలేదు. దాన్ని సంచి అడుగున పెట్టి చాలాసేపు మాట్లాడలేదు.

ఆ క్షణంలో తల్లిదండ్రులుగా మనకు రెండు కోరికలు పుడతాయి. ఒకటి, "చూశావా, నేను ముందే అనుకున్నా" అనడం. రెండోది, మన పర్సులోంచి మూడువందల యాభై తీసి చడీచప్పుడు లేకుండా కవరులో పెట్టేయడం. మొదటిది పిల్లను చిన్నబుచ్చుతుంది. రెండోది మంచితనంలా కనిపిస్తుంది కానీ, పిల్ల అప్పుడే నేర్చుకోబోతున్నదాన్ని చేతిలోంచి లాక్కోవడమే. ఆ రోజు నేను రెండూ చేయలేదు. మావారు ఒకసారి పర్సు మీద చెయ్యేశారు, కళ్లతోనే వద్దన్నాను. మా అమ్మ మాత్రం దాని తల నిమిరి, "నీ వయసులో నేను జాతరలో గాజులు కొన్నా, ఇంటికొచ్చేలోగా సగం పగిలాయి. ఏం కాదులే" అంది. అంతకు మించి ఎవరూ ఏమీ అనాల్సిన పని లేదు.

అన్నం తిన్నాక ఎంజీబీఎస్‌లో మెట్రో ఎక్కాం. అసెంబ్లీ స్టేషన్ నాలుగోది. ఉస్మానియా మెడికల్ కాలేజీ, గాంధీ భవన్, నాంపల్లి అని చిన్నోడు పలకరించినట్టు ఒక్కో స్టేషన్ పేరూ చెప్పాడు. మెట్రో, సిటీ బస్సు కూడా పిల్లలకు ఊరు చూపించే చోట్లే. కారులో వెనక సీట్లో కూర్చున్న పిల్లలకు ఊరు ఎటు నుంచి ఎటో తెలియదు. మ్యాప్ చూసి, స్టేషన్ లెక్కపెట్టి, సరైన వైపు గేటులోంచి బయటపడ్డ పిల్లాడికి కాస్త కాస్తగా ఊరు తనదవుతుంది. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి ఆర్టీసీ సిటీ, పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకూ ఆడపిల్లలకూ ప్రయాణం ఉచితం. జీరో టికెట్ అడిగి తీసుకునే పని ఆడపిల్ల చేతే చేయించండి.

బిర్లా సైన్స్ సెంటర్ ఉన్న నౌబత్ పహాడ్ మీద ప్లానెటేరియం 1985 నుంచి ఉంది. మూడింటికి బయట నిప్పులు కురుస్తుంటే లోపల చల్లటి చీకట్లో తల వెనక్కి వాల్చి నక్షత్రాలు చూడడం, అదీ తెలుగులో వింటూ. మా అమ్మ కాసేపు నిద్రపోయింది, పోనీయండి, పెద్దవాళ్లకు ఆ విశ్రాంతి కావాలి. అక్కడి మ్యూజియంలో డైనోసార్ అస్థిపంజరం ముందు మాత్రం అందరం ఆగిపోయాం. దాని పేరు కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్. యామన్‌పల్లి మన తెలంగాణలోని ఒక పల్లెటూరు. ప్రాణహిత, గోదావరి లోయలో ఎముకలు దొరికితే 1988లో శాస్త్రవేత్త యాదగిరి దానికి ఆ ఊరి పేరు పెట్టారు. దాదాపు తొమ్మిది మీటర్ల పొడవు. డైనోసార్లంటే ఎక్కడో అమెరికాలోనో, సినిమాలోనో అనుకునే పిల్లలకు మన ఊరి పేరు పెట్టుకున్న డైనోసార్ ఉందని తెలిస్తే వాళ్ల నడక మారుతుంది. చిన్నోడు ఆ పేరు నాలుగుసార్లు తప్పుగా పలికి అయిదోసారి సరిగ్గా పలికాడు. ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ ఇప్పటికీ అప్పజెబుతాడు.

అయిదింటికి ట్యాంక్‌బండ్ వైపు వెళ్తుంటే దారిలో తోపుడు బండి మీద తాటి ముంజలు. పెద్దది ఈసారి బేరమాడింది. డజను తీసుకుని ఒక పక్కన నిలబడి తిన్నాం. అమ్మమ్మ చిన్నోడికి చూపించింది: వగరు పొట్టు గోటితో ఒలవాలి, మధ్యలో ఉబ్బెత్తుగా ఉన్నచోట నొక్కకూడదు. వాడు అక్కడే నొక్కాడు. నీళ్లు చిమ్మి చొక్కా తడిసింది. రెండోది మొత్తంగా నోట్లో వేసుకుని కళ్లు మూసుకున్నాడు.

కవరు దగ్గరికి మళ్లీ వస్తాను. హుస్సేన్‌సాగర్‌లో పడవ ఎక్కి బుద్ధుడి విగ్రహం దాకా వెళ్లడం వాళ్ల ప్లాన్‌లో చివరి ముచ్చట. టికెట్ల దగ్గర నిలబడి పెద్దది నోట్లు లెక్కపెట్టింది. మళ్లీ లెక్కపెట్టింది. అయిదుగురికి సరిపోవు, ఇద్దరికైతే సరిపోతాయి. దాని మెదడులో మూడువందల యాభై తిరుగుతోందని నాకు తెలుస్తూనే ఉంది. కాసేపాగి రెండు టికెట్లు కొని, "నాన్నా, తమ్ముడిని తీసుకెళ్లు. నేను అమ్మమ్మ దగ్గరుంటా" అంది. గొంతు కొంచెం వణికింది. చెయ్యి మాత్రం వణకలేదు.

మేం ముగ్గురం గట్టు మీద కూర్చున్నాం. పడవ చిన్నదైపోతూ వెళ్లింది. ఊరికే కూర్చోలేక పెద్దదానికి ఆ బుద్ధుడి కథ చెప్పాను. భువనగిరి దగ్గర రాయగిరిలో ఒకే రాతిలో చెక్కిన విగ్రహం, 1990లో సాగర్ మధ్యకు తీసుకెళ్తుంటే నీళ్లలో మునిగిపోయిందని, ఆ రోజు కొందరు ప్రాణాలు కూడా పోగొట్టుకున్నారని, రెండేళ్లకు పైగా అడుగున ఉన్నాక పైకి తీసి 1992 డిసెంబరులో నిలబెట్టారని. విని చాలాసేపు అటే చూసింది. "అంతకాలం నీళ్లలో ఉన్నా మొహం అలాగే ఉందా అమ్మా?" అంది. అలాగే ఉందన్నాను.

మీ ఊరు, మీ వీలు

అయిదేళ్లలోపు పిల్లలైతే ఇదంతా వద్దు. ఒక్క చోటు, మధ్యాహ్నానికల్లా ఇల్లు. వాళ్లు తేల్చుకోవాల్సింది కూడా ఒకటి రెండు చాలు: ఎర్ర టోపీయా, పచ్చ టోపీయా? ముందు ఏనుగా, ముందు పులా? తొమ్మిదో తరగతి పిల్లలైతే దానికి పూర్తిగా ఎదురు. బస్సు నంబరు వాళ్లే వెతకాలి, దారి వాళ్లే అడగాలి, మీరు పదడుగులు వెనకుండాలి. తప్పు బస్సు ఎక్కితే ఎక్కనివ్వండి. రెండు స్టాపుల తర్వాత దిగి, తిరిగి వచ్చే దారి కనుక్కున్న పిల్లవాడు రేపు కొత్త ఊళ్లో కాలేజీలో చేరిననాడు కంగారుపడడు.

విశాఖ వాళ్లకు బీచ్ రోడ్డులో కురుసుర జలాంతర్గామి ఉంది. దేశానికి మూడు దశాబ్దాలు పనిచేసిన నౌక 2002 నుంచి మ్యూజియంగా ఒడ్డున నిలబడింది. ఇరుకు గదుల్లో నావికులు ఎక్కడ పడుకునేవాళ్లో చూస్తే పిల్లలు మళ్లీ "నాకు వేరే గది కావాలి" అని ఇంట్లో గొడవ చేయడానికి కాస్త ఆలోచిస్తారు. రోడ్డుకు అవతలే యుద్ధ విమానం కూడా ఉంది. విజయవాడలో బాపు మ్యూజియం, తిరుపతిలో ప్రాంతీయ సైన్స్ కేంద్రం. ఏ ఊరైనా చీటీలు రాయడానికి అయిదు పేర్లు దొరుకుతాయి. నిజంగా దొరక్కపోతే రైల్వే స్టేషను, రైతు బజారు, ఊరి గ్రంథాలయం రాయండి. గంటసేపు ప్లాట్‌ఫారం మీద కూర్చుని వచ్చేపోయే రైళ్ల పేర్లు రాసుకోవడం ఆరేళ్ల పిల్లాడికి పండగే.

డబ్బు లేదని వెనకాడకండి. కవరులో రెండు వందలే పెట్టండి. మొత్తం ఎంతన్నది ముఖ్యం కాదు, అది నిజంగా వాళ్లదై ఉండాలి. ఆదివారం ఒక్కపూటే తీరిక ఉన్న ఉద్యోగస్తులైతే ఒక్కపూటే చేయండి. సగం రోజైనా పిల్లలు నడిపితే, మనం నడిపించే వారం రోజుల టూరు కన్నా ఎక్కువ గుర్తుంటుంది.

జనంలోకి తీసుకెళ్లేటప్పుడు జాగ్రత్తలు కొన్ని తప్పవు. బయల్దేరే ముందు పిల్లలను ఆ రోజు బట్టల్లో ఒక ఫొటో తీసి పెట్టుకోండి. ఫోన్ నంబరు కంఠతా రావాలి, చిన్నవాళ్లకైతే జేబులో కాగితం మీద రాసి పెట్టాలి. తప్పిపోతే ఏం చేయాలో ముందే ఆడించి చూపించండి: వెతుక్కుంటూ తిరగకూడదు, ఉన్నచోటే నిలబడాలి, యూనిఫాంలో ఉన్నవాళ్లనో, పిల్లలతో ఉన్న ఒక అమ్మనో అడగాలి. 1098 పిల్లల కోసమే ఉన్న నంబరని, 112 ఏ ఆపదకైనా చేసే అత్యవసర నంబరని చెప్పి ఉంచండి. భయపెట్టేలా చెప్పొద్దు. రోడ్డు దాటడం ఎలా నేర్పుతామో అలాగే నేర్పాలి.

ఇంటికొచ్చి మందలించే పనులేవైనా ఉంటే మర్నాటికి వాయిదా వేయండి. అలసిపోయిన పిల్లలకు, అలసిపోయిన అమ్మ చెప్పే మాటల్లో ఒక్కటీ చెవికెక్కదు. కాళ్లు కడుక్కుని, పెరుగన్నం తిని పడుకుంటే చాలు.

ఆ రాత్రి పెద్దది పడుకోకుండా నోట్‌బుక్ ముందేసుకుంది. టికెట్లు, మెట్రో, ముంజలు, పడవ అన్నీ రాసి, ఫ్యాను దగ్గర ఆగింది. మూడువందల యాభై అని వేసి, పక్కన చిన్న అక్షరాలతో "ముందు తిప్పి చూడాలి" అని రాసుకుంది. అడుగున మిగిలిన నలభై రూపాయలు కవరుతో సహా నాకు తిరిగిచ్చింది. వచ్చేసారికి దాచమంది.

చిన్నోడు అప్పటికే నిద్రపోయాడనుకున్నాను. పొద్దున లేచి చూస్తే ఫ్రిజ్ మీద ఒక చీటీ అంటించి ఉంది. ఆకుపచ్చ స్కెచ్ పెన్నుతో, వంకర అక్షరాలతో: "వచ్చే నెల నా వంతు. జూపార్కు. సోమవారం కాదు."